పాత కారు స్టార్ట్ కాదు, స్టార్ట్ అయినా మిస్సింగ్ కొడుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత కారుతో కాపురం చేసేవాళ్లను వేధించే ప్రశ్నలు అటూ ఇటూగా ఇవే. నేను వృత్తి మెకానిక్‌ని కాను, సొంత కారుతో కుస్తీ పట్టి, అనవసరంగా సామాన్లు మార్చి, చేతులు కాల్చుకుని నేర్చుకున్నవాడిని. ఇక్కడ పాత కారు అంటే కార్బొరేటర్ (గాలిలో పెట్రోల్ కలిపేది), డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ కరెంటుని ఒక్కో సిలిండర్‌కి పంచేది) ఉన్నవి, వాటి తర్వాత వచ్చిన తొలితరం ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లు (పెట్రోల్‌ని ఇంజెక్టర్లు చిమ్మేవి). డీజిల్ సంగతి చివర్లో విడిగా ఉంది. మిస్సింగ్ అంటే ఏదో ఒక సిలిండర్లో పెట్రోల్ సరిగ్గా కాలక ఇంజన్ కుదుపుగా నడవడం.

ఇంజన్ స్టార్ట్ కావట్లేదు. ముందు ఏం మార్చాలి?

ఏమీ మార్చొద్దు. ముందు చెవి పెట్టి వినండి. "స్టార్ట్ కావట్లేదు" అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు జబ్బులుంటాయి. తాళం తిప్పితే సెల్ఫ్ (ఇంజన్‌ని మొదట తిప్పే మోటార్) అసలు తిరగట్లేదా? సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజన్ అందుకోవట్లేదా? అందుకున్న ఇంజన్ రెండు క్షణాల్లో ఆగిపోతోందా? మొదటిదైతే బ్యాటరీ, వైర్లు, సెల్ఫ్ మోటార్ చూడాలి, స్పార్క్ ప్లగ్గులతో, పెట్రోల్‌తో దానికి సంబంధమే లేదు. రెండోదైతే సెల్ఫ్ జోలికి పోకుండా స్పార్క్, పెట్రోల్ వెతకాలి. మూడోదానికి వేరే కారణాలున్నాయి, కింద చెబుతాను.

పెట్రోల్ ఇంజన్‌కి కావలసినవి నాలుగే: గాలి, పెట్రోల్, సరైన క్షణంలో స్పార్క్, సిలిండర్లో కంప్రెషన్ (గాలి-పెట్రోల్ మిశ్రమాన్ని పిస్టన్ నొక్కే ఒత్తిడి). ఈ నాలుగూ ఉంటే, సైలెన్సర్ పూర్తిగా మూసుకుపోతే తప్ప, ఇంజన్ తిరిగి తీరాలి. నాలుగింటిలో ఏది లేదో తేల్చుకున్నాకే స్పానర్ పట్టుకోండి. ఊహ మీద కాయిల్ (బ్యాటరీ వోల్టేజ్‌ని స్పార్క్‌కి కావలసినంత పెంచేది) మార్చి, అది కాకపోతే పంపు, అదీ కాకపోతే ఇంకోటి మార్చుకుంటూ పోతే చివరికి ఏది పాడైందో తెలియదు, పైగా కొత్తగా వేసిన వాటిలో ఒకటి నాసిరకం తగిలితే మొదటి జబ్బుకు రెండోది తోడవుతుంది.

తాళం తిప్పితే టిక్ అని ఒక్క చప్పుడు, అంతే. బ్యాటరీ పోయినట్టేనా?

కావచ్చు, కాకపోవచ్చు. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. లైట్లు పూర్తిగా ఆరిపోతే బ్యాటరీ ఖాళీ, లేదా టెర్మినల్ దగ్గర పట్టు లేదు. బాగా మసకబారితే బ్యాటరీ నీరసంగా ఉన్నట్టు, లేదా సెల్ఫ్ గానీ ఇంజన్ గానీ బిగుసుకుపోయినట్టు. లైట్లు చెక్కుచెదరకుండా వెలుగుతూ ఒక్క టిక్ మాత్రమే వినిపిస్తే అనుమానం సెల్ఫ్ సొలినాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్) మీదికి పోవాలి. టకటకటక అని వరసగా కొట్టుకుంటుంటే దాదాపు ఎప్పుడూ చార్జింగ్ తక్కువే. ఆ టిక్ కూడా లేదా? ఆటోమేటిక్ కారైతే గేర్ లివర్ పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో సరిగ్గా ఉందో లేదో చూడండి. నవ్వొద్దు, చాలామందికి జరిగేదే.

మీటర్ ఉంటే పని తేలిక. కారు కొన్ని గంటలు ఊరికే ఉన్నాక బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే తక్కువైతే ఖాళీ కిందే లెక్క. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడిపోకూడదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య రావాలి, రాకపోతే ఆల్టర్నేటర్ చార్జ్ చేయట్లేదు, ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా వారానికి మళ్లీ మొదటికొస్తుంది.

బ్యాటరీ కొత్తదే. అయినా సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరుగుతోంది, ఎందుకు?

ఈ ప్రశ్నంటే నాకు ప్రత్యేకమైన అభిమానం, ఎందుకంటే దీని మీదే నేను ఒక నెలంతా పోగొట్టుకున్నాను. బ్యాటరీ మార్చాను, సెల్ఫ్ విప్పించి బ్రష్‌లు వేయించాను, కార్బొరేటర్ కూడా విప్పాను (అదెందుకో ఇప్పటికీ చెప్పలేను). చివరికి చూస్తే ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ. పైకి బాగానే కనిపిస్తోంది, బోల్టు కింద మాత్రం తుప్పు.

సెల్ఫ్ వందల ఆంపియర్లు లాగుతుంది. అంత కరెంటు తుప్పు పట్టిన చోట దూరలేదు. ఓమ్ మీటర్ పెడితే మాత్రం ఆ తీగ బ్రహ్మాండంగా ఉందనే చెబుతుంది, అది పంపేది పిసరంత కరెంటు కాబట్టి. అందుకే పని చేస్తున్నప్పుడే కొలవాలి: మీటర్‌ని వోల్టుల్లో పెట్టి ఒక వైరు బ్యాటరీ నెగటివ్ పోస్ట్ మీద, ఇంకోటి ఇంజన్ బ్లాక్ మీద ఆనించి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ దారిలో అడ్డు ఉంది. అలాగే పాజిటివ్ పోస్ట్ నుంచి సెల్ఫ్ మీది లావు వైరు బోల్టు వరకు 0.5 దాటకూడదు. టెర్మినల్స్ విప్పి, గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది బిగించండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర.

బాగాలేని ఎర్త్ సెల్ఫ్‌నే కాదు, ఫ్యూయల్ ఇంజెక్షన్ కారులో సెన్సర్ల లెక్కల్ని కూడా తప్పుదారి పట్టిస్తుంది. అంతుచిక్కని మిస్సింగ్ ఏదైనా సరే, ఎర్త్‌లు శుభ్రం చేయడంతోనే మొదలుపెట్టండి.

సెల్ఫ్ జోరుగా తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవట్లేదు.

ఇప్పుడు అసలు వెతుకులాట. స్పార్క్ ఉందా, పెట్రోల్ ఉందా? రెంటిలో ఒకటి తేలిపోతే పని సగమైనట్టే. సెల్ఫ్‌ని ఒక విడతలో పది సెకన్లకు మించి కొట్టొద్దు, మధ్యలో అర నిమిషమైనా ఆగండి, లేకపోతే సెల్ఫ్ కాలిపోతుంది, అదనంగా సిలిండర్లలోకి చేరిన పెట్రోల్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది.

ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవి లేకపోతే ఇంజన్‌ని ఆపే దొంగతనం రక్షణ) ఉన్న కారైతే డ్యాష్‌బోర్డ్ మీద తాళం గుర్తు లైటు వెలుగుతూనే ఉందా, టపటపా కొట్టుకుంటోందా చూడండి. అలాగైతే రెండో తాళంచెవితో ప్రయత్నించాకే మిగతావి.

స్పార్క్ ఉందో లేదో ఎలా చూడాలి?

స్పార్క్ టెస్టర్ ఉంటే అదే మంచిది. లేకపోతే మంచి ప్లగ్ ఒకటి తీసుకుని హైటెన్షన్ వైరుకి (ప్లగ్‌కి స్పార్క్ తెచ్చే లావు వైరు) తగిలించి, ప్లగ్ లోహపు ఒళ్లు ఇంజన్‌కి గట్టిగా ఆనేలా పెట్టి సెల్ఫ్ కొట్టించండి. నీలంగా, చిటచిటమని చప్పుడు చేస్తూ దూకితే మంచి స్పార్క్. నారింజ రంగులో, ఉండీ లేనట్టు వస్తే అది బలహీనం, సిలిండర్లో ఒత్తిడి కింద ఆరిపోతుంది.

మూడు జాగ్రత్తలు. అక్కడ వేల వోల్టులుంటాయి, వైరుని చేత్తో పట్టుకోవద్దు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ దెబ్బ గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు నిజంగానే ప్రమాదం. రెండోది, ప్లగ్ తీసిన రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది, స్పార్క్ దానికి దూరంగా ఉండాలి. మూడోది, హైటెన్షన్ వైరుని దేనికీ ఆనించకుండా గాల్లో వదిలేసి సెల్ఫ్ కొట్టొద్దు, ఇగ్నిషన్ మాడ్యూల్ (కాయిల్‌ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) కాలిపోవచ్చు.

స్పార్క్ లేదు. ఇప్పుడేం చేయాలి?

కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ మధ్యలోకి వచ్చే వైరు పీకి అక్కడ చూడండి. అక్కడ స్పార్క్ ఉండి ప్లగ్గుల దగ్గర లేకపోతే దోషం డిస్ట్రిబ్యూటర్ మూతలోనో రోటర్‌లోనో (మూత లోపల తిరుగుతూ కరెంటు పంచేది). మూత లోపల సన్నటి నల్లగీతలు కనిపిస్తే కరెంటు దొంగదారిన పోతోందన్నమాట, గీకితే పోదు, మార్చాల్సిందే. మధ్యలో ఉండే బొగ్గు ముక్క అరిగిందా, దాని స్ప్రింగ్ ఉందా కూడా చూడండి.

కాయిల్ దగ్గరే లేకపోతే టెస్ట్ ల్యాంపు ఒక కొస బాడీకి తగిలించి, ఇంకో కొస కాయిల్ నెగటివ్ వైపు పెట్టి సెల్ఫ్ కొట్టించండి. ల్యాంపు ఆరుతూ వెలుగుతూ ఉంటే పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్ లోపల కలుస్తూ విడిపోతూ కాయిల్ కరెంటుని తెంపే కాంటాక్ట్‌లు) పని చేస్తున్నాయి, కాయిల్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. వెలిగి అలాగే ఉండిపోతే పాయింట్లు కలవట్లేదు. అసలు వెలగకపోతే పాజిటివ్ వైపు చూడండి, అక్కడా వెలగకపోతే ఇగ్నిషన్ స్విచ్ నుంచి కరెంటే రావట్లేదు.

పాయింట్ల గ్యాప్ చాలా కార్లలో 0.35 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ కారుది మాన్యువల్‌లో చూసుకోండి. గ్యాప్ మారిస్తే టైమింగ్ (స్పార్క్ వచ్చే క్షణం) కూడా మారుతుంది, ఆ రెండోపని మర్చిపోయి "గ్యాప్ పెట్టాక పికప్ పోయింది" అనేవాళ్లు చాలామంది. పాయింట్లు తొందర తొందరగా కాలిపోతుంటే కండెన్సర్ (పాయింట్ల దగ్గర రవ్వల్ని తగ్గించేది) మార్చండి, చిన్న సామానే గానీ పెట్టే తిప్పలు పెద్దవి. కాయిల్ ప్రైమరీ నిరోధం, బాలాస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కి వెళ్లే కరెంటుని తగ్గించేది) లేని పాయింట్ల కార్లలో 3 ఓమ్‌ల దగ్గర, బాలాస్ట్ ఉన్నవాటిలో 1.5 దగ్గర ఉంటుంది. ఎలక్ట్రానిక్ వాటిలో ఇంకా తక్కువ.

చాలా ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో పాయింట్ల పని క్రాంక్ సెన్సర్ (ఇంజన్ ఎంత తిరిగిందో కంప్యూటర్‌కి చెప్పేది) చేస్తుంది. ఆర్‌పీఎం మీటర్ ఉంటే సెల్ఫ్ కొడుతూ దాన్ని చూడండి: చాలా కార్లలో ముల్లు కొంచెమైనా లేవాలి. ఏమాత్రం కదలకపోతే క్రాంక్ సెన్సర్‌నో దాని వైరింగ్‌నో అనుమానించొచ్చు.

తాళం తిప్పి పట్టుకున్నంతసేపు అందుకుంటుంది, వదలగానే ఆగిపోతుంది.

బాలాస్ట్ రెసిస్టర్. ఆ పద్ధతి ఉన్న కార్లలో స్టార్ట్ చేసేటప్పుడు కాయిల్‌కి బ్యాటరీ వోల్టేజ్ నేరుగా వెళుతుంది, తాళం వెనక్కి రాగానే కరెంటు రెసిస్టర్ గుండా పోవాలి. అది తెగిపోతే అచ్చం ఇలాగే జరుగుతుంది. అది బాగుంటే ఇగ్నిషన్ స్విచ్ లోపలి కాంటాక్ట్.

స్పార్క్ బాగుంది. పెట్రోల్ వస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

ముందు ట్యాంకులో పెట్రోల్ ఉందా? పాత కార్ల ఫ్యూయల్ ముల్లు మాట నమ్మొద్దు.

కార్బొరేటర్ కారైతే ఇంజన్ ఆపి ఉండగా ఎయిర్ ఫిల్టర్ తీసి, గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లివర్‌ని చేత్తో లాగండి. సన్నటి ధార చిమ్మితే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోల్ ఉన్నట్టే. లేకపోతే వెనక్కి వెతకండి: ఇన్లెట్ జాలీ, ఫిల్టర్, పంపు, ట్యాంకు. సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం మొహం అక్కడ పెట్టొద్దు, ఒక్కోసారి మంట వెనక్కి తంతుంది.

ఇంజెక్షన్ కారైతే తాళం ఆన్ చేయగానే వెనక ట్యాంకు వైపు నుంచి రెండు సెకన్లు సన్నగా గుయ్ అని వినిపించాలి. వినిపించకపోతే ఫ్యూజు, తర్వాత రిలే (పంపుకి కరెంటు కలిపే స్విచ్). అదే నంబరున్న రిలే పక్కనే ఇంకోటి ఉంటే రెండూ అటూ ఇటూ మార్చి చూడండి, ఉచిత పరీక్ష. అప్పటికీ రాకపోతే పంపు కనెక్టర్ దగ్గర వోల్టేజ్ చూశాకే పంపు కొనండి. పంపు చప్పుడు వస్తే సరిపోతుందా అంటే, చాలదు. ఒత్తిడి కూడా రావాలి: చాలా పాత ఇంజెక్షన్ కార్లలో అది 2.5 నుంచి 3.5 బార్ మధ్య ఉంటుంది, కార్బొరేటర్ల మెకానికల్ పంపులైతే 0.2 నుంచి 0.4 బార్ చాలు. గేజ్ పెట్టి చూడటం ఒక్కటే దారి.

ఇంకో చిన్న విషయం. కారు కొంతదూరం బాగా నడిచి, ఊపిరాడనట్టు ఆగి, కాసేపు ఆగితే మళ్లీ నడుస్తోందా? ఈసారి ఆగినప్పుడు ట్యాంకు మూత తీయండి. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చి బండి మళ్లీ నడిస్తే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. దీనికోసం పంపు మార్చినవాళ్లున్నారు.

బానెట్ ఎత్తితే పెట్రోల్ వాసన గుప్పుమంటోంది.

పెట్రోల్ ఎక్కువై ప్లగ్గులు తడిశాయి. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కి, మళ్లీ మళ్లీ వదిలి తొక్కకుండా అలాగే పట్టుకుని ఐదు నుంచి పది సెకన్లు సెల్ఫ్ కొట్టండి. కార్బొరేటర్లో గాలి ఎక్కువగా వెళ్లి ఆరుతుంది, చాలా ఇంజెక్షన్ కార్లలో అలా తొక్కితే కంప్యూటర్ పెట్రోల్ ఆపేస్తుంది. అయినా కాకపోతే ప్లగ్గులు తీసి ఆరబెట్టండి. రోజూ ఇదే తంతు అయితే గిన్నె నిండగానే పెట్రోల్ ఆపే కార్బొరేటర్ ఫ్లోట్ సూది పట్టుకుందో ఫ్లోట్‌లో పెట్రోల్ నిండిందో చూడాలి, ఇంజెక్షన్‌లో ఇంజెక్టర్ కారుతుండొచ్చు. పైపు నుంచి పెట్రోల్ బయటికి కారి వాసన వస్తుంటే మాత్రం ఇవేవీ చేయొద్దు, తాళం తీసి, లీక్ ఎక్కడో ముందు పట్టుకోండి.

పొద్దున బాగా స్టార్ట్ అవుతుంది, వేడెక్కాక ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు.

వేడికి చెడేవి కొన్నున్నాయి: కాయిల్, ఇగ్నిషన్ మాడ్యూల్, క్రాంక్ సెన్సర్. లోపల తీగ సన్నగా చిట్లి, వేడికి వ్యాకోచించి విడిపోతుంది, చల్లారాక మళ్లీ కలుస్తుంది. కార్బొరేటర్ కార్లలో ఇంకోటి, ఇంజన్ వేడికి పైపులో పెట్రోల్ ఆవిరైపోవడం, దాన్నే వేపర్ లాక్ అంటారు. గిన్నెలోని పెట్రోల్ మరిగి ఇంజన్‌లోకి పొంగడం కూడా ఉంది, దానికి మందు పైన చెప్పిన అడుగంటా తొక్కడమే.

ఇందులో కష్టం ఏంటంటే, చల్లారేదాకా ఆగి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. దొంగ దొరికేది దొంగతనం చేస్తున్నప్పుడే. కాబట్టి టెస్టర్ కారులో పెట్టుకుని తిరగండి, ఆగిన వెంటనే స్పార్క్ చూడండి. స్పార్క్ లేకపోతే కాయిల్ మీద తడిగుడ్డ వేసి చల్లబరచి మళ్లీ చూడండి, వస్తే అదే. స్పార్క్ ఉంటే పెట్రోల్ వైపు. సెల్ఫే తిరగడం మానేస్తే, సైలెన్సర్ పైపు పక్కనుండే సెల్ఫ్ వేడికి నీరసిస్తోంది.

దీనికి సరిగ్గా తిరగేసి: చల్లగా ఉన్నప్పుడే మొండికేస్తుంది.

కార్బొరేటర్లో చోక్ (చల్లటి ఇంజన్‌కి గాలి తగ్గించే మూత) పూర్తిగా మూసుకోవట్లేదు. ఇంజెక్షన్‌లో కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ "ఇంజన్ వేడిగా ఉంది" అని అబద్ధం చెబుతోంది, కంప్యూటర్ పెట్రోల్ తగ్గిస్తోంది. చాలా సెన్సర్లలో 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 వేల ఓమ్‌లు, 80 దగ్గర కొన్ని వందల ఓమ్‌లు ఉంటాయి. మీటర్‌తో రెండు నిమిషాల పని.

స్లోలో వణుకుతుంది, రేస్ చేస్తే సర్దుకుంటుంది. ప్లగ్గులా?

ప్లగ్గులైతే రేస్ చేసినా, లోడ్ పెట్టినా మిస్సింగ్ పోదు, ఇంకా పెరుగుతుంది. స్లోలో (యాక్సిలరేటర్ తొక్కనప్పటి వేగంలో) మాత్రమే ఉందంటే ముందుగా దొంగగాలి అనుకోండి. స్లోలో ఇంజన్ పీల్చే గాలే తక్కువ, ఎక్కడో చిల్లు గుండా ఇంకాస్త దూరితే మిశ్రమం పలచబడి మిస్ అవుతుంది. రేస్ చేసినప్పుడు మామూలు గాలే చాలా ఎక్కువ కాబట్టి ఆ చిల్లు లెక్కలోకి రాదు.

చూడాల్సిన చోట్లు: బ్రేక్ బూస్టర్ గొట్టం, కార్బొరేటర్ కింది గాస్కెట్, ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్, పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపలి ఆవిరిని మళ్లీ పీల్పించేది) గొట్టం, ఏళ్లకు ఎండి పెళుసైన సన్న రబ్బరు గొట్టాలన్నీ. ఒక్కో గొట్టాన్ని మెల్లగా నొక్కి పట్టుకోండి, ఏది నొక్కితే స్లో మారుతుందో అక్కడ ఆగండి. కార్బొరేటర్ క్లీనర్ చల్లి చూసే పద్ధతి ఉంది, చిల్లు మీద పడితే ఇంజన్ వేగం మారుతుంది, కానీ అది భగ్గున అంటుకునే సరుకు, వేడి సైలెన్సర్ పక్కన, చిటపటలాడే వైర్ల పక్కన నేనైతే వాడను. నీళ్లు సన్నగా చల్లినా చాలాసార్లు తెలిసిపోతుంది. వాక్యూమ్ గేజ్ ఉంటే స్లోలో 17 నుంచి 21 అంగుళాలు నిలకడగా చూపించాలి, ఎత్తైన ప్రదేశాల్లో కాస్త తక్కువ. ముల్లు లయబద్ధంగా పడి లేస్తుంటే వాల్వుల వైపు చూడండి.

గొట్టాలన్నీ బాగుంటే ఈజీఆర్ వాల్వ్ (కాలిన పొగని కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేది) తెరుచుకుని ఉండిపోయిందేమో, స్లో కంట్రోల్ వాల్వ్ మసి పట్టిందేమో. ఒక్క విన్నపం, కారణం తెలియకుండా స్లో స్క్రూ బిగించి వేగం పెంచేసి "సెట్ అయింది" అనుకోవద్దు.

నాలుగు సిలిండర్లలో ఏది మిస్ అవుతోందో ఎలా తెలుసుకోవాలి?

ఇంజన్ స్లోలో నడుస్తుండగా ఒక్కొక్క సిలిండర్‌ని ఆపి చూడాలి. ఏది ఆపితే వేగం తగ్గదో అదే సోమరిపోతు. ఇంజెక్షన్ కారులో ఇంజెక్టర్ కనెక్టర్ పీకండి, ప్లగ్ వైరు కాదు, లేకపోతే కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి (సైలెన్సర్ పైపులో పొగని శుభ్రం చేసేది) పోయి దాన్ని పాడుచేస్తుంది. పాయింట్ల కారులో అయితే ఇంజన్ ఆపి, వైరు తీసి, దాన్ని ఎర్త్‌కి ఆనించి, మళ్లీ స్టార్ట్ చేసి చూడటం క్షేమం.

దొరికాక వెంటనే కొత్తవి కొనకండి. ఆ సిలిండర్ ప్లగ్‌ని పక్క సిలిండర్‌లో వేయండి. మిస్సింగ్ కూడా పక్కకు పోయిందా? ప్లగ్. పోలేదా? ఈసారి వైరు, లేదా కాయిల్ మార్చి చూడండి. ఒకసారికి ఒకటే. ఇవేవీ మార్చినా అదే సిలిండర్ మొండికేస్తే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్.

తీసిన ప్లగ్ చూసి ఏం చెప్పొచ్చు?

చాలా చెప్పొచ్చు. లేత గోధుమరంగు, బూడిదరంగు అయితే ఆరోగ్యం. పొడిగా నల్లటి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది లేదా స్పార్క్ బలహీనం. నల్లగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకొస్తోంది, రింగులో వాల్వ్ సీళ్లో. తెల్లగా పాలిపోయి పొక్కులుంటే మిశ్రమం పలచన, లేదా ఇంజన్ విపరీతంగా వేడెక్కుతోంది. నాలుగింటిలో ఒకటి మాత్రం ఆవిరితో కడిగినట్టు తళతళలాడుతుంటే సంతోషించకండి, ఆ సిలిండర్‌లోకి నీళ్లు వస్తుండొచ్చు.

ప్లగ్ వైర్లు మార్చాక ముందుకంటే అధ్వానమైంది!

వైర్లు తారుమారయ్యాయి. చాలా నాలుగు సిలిండర్ల ఇంజన్లలో వరస 1-3-4-2, కొన్నింటిలో 1-2-4-3. రోటర్ ఎటు తిరుగుతుందో కూడా చూడాలి. తీసేముందు ఫోటో తీసుకోండి.

వానలోనో తేమలోనో మాత్రమే మిస్సింగ్.

హైటెన్షన్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ మూత. చీకట్లో బానెట్ ఎత్తి ఇంజన్ నడిపితే వైర్ల వెంట నీలిరంగు మెరుపులు కనిపిస్తాయి. చూడ్డానికి అందంగానే ఉంటుంది, వైర్లు మార్చాలి.

స్లో బాగుంది, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం జర్క్ కొట్టి పికప్ పడిపోతోంది.

లోడ్ పడ్డప్పుడే బయటపడేవి రెండు: బలహీనమైన స్పార్క్, చాలని పెట్రోల్. ప్లగ్ గ్యాప్ ఎక్కువైతే ఇలాగే చేస్తుంది, పాయింట్ల కార్లకు 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్లు మామూలు. ఫ్యూయల్ ఫిల్టర్ మార్చండి. ఇవి అయ్యాక కూడా, ఎంత తొక్కినా బండి బరువుగా, గొంతు పట్టేసినట్టు ఉంటే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయిందేమో చూడాలి: వాక్యూమ్ గేజ్ పెట్టి 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి పట్టుకుంటే ముల్లు నెమ్మదిగా కిందికి జారిపోతుంది.

చెక్ ఇంజన్ లైటు వెలిగింది. స్కానర్ చెప్పింది మార్చేయొచ్చా?

స్కానర్ సామాను పేరు చెప్పదు, లక్షణం చెబుతుంది. పీ0171 అంటే మిశ్రమం పలచన అని మాత్రమే, దానికి ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తే కబురు తెచ్చినవాడిని కొట్టినట్టు. పీ0300 అంటే మిస్సింగ్ అక్కడా ఇక్కడా మారుతోంది, పీ0301 అంటే ఒకటో నంబరు, పీ0302 రెండు, అలా. పీ0335 క్రాంక్ సెన్సర్ సర్క్యూట్, అందులో వైరు, కనెక్టర్ కూడా భాగమే. లైటు వెలిగి ఉండటం వేరు, టపటపా కొట్టుకోవడం వేరు: కొట్టుకుంటుంటే కన్వర్టర్ చెడేంత మిస్సింగ్ అవుతోందని, యాక్సిలరేటర్ వదిలి పక్కకు ఆపండి.

అమెరికాలో 1996 మోడల్ నుంచి, ఐరోపాలో పెట్రోల్ కార్లకు 2001 నుంచి ఓబీడీ-2 తరహా సాకెట్ (స్కానర్ తగిలించే చోటు) తప్పనిసరైంది. అంతకుముందు కార్లలో చాలావాటికి రెండు పిన్నులు కలిపి లైటు ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టే పద్ధతి ఉంటుంది, మాన్యువల్‌లో దొరుకుతుంది.

కంప్రెషన్ ఎప్పుడు చూడాలి, ఎంత ఉండాలి?

ఒకే సిలిండర్ మొండికేసి స్పార్క్, పెట్రోల్ రెండూ బాగున్నప్పుడు. ఇంజన్ వేడిగా ఉండగా ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్, ఫ్యూయల్ రెండూ ఆపేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఐదారు స్ట్రోకులు తిప్పండి. చాలా పెట్రోల్ ఇంజన్లకు 120 నుంచి 180 పీఎస్ఐ మధ్య ఉంటుంది. అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, 15 శాతం దాటితే ఆలోచించాలి. తక్కువున్న దాంట్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి: పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గాస్కెట్. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువుంటే గాస్కెట్ వాటి మధ్య కాలిపోయి ఉండొచ్చు.

హెడ్ దించే ముందు టాపెట్ గ్యాప్ (వాల్వుని నొక్కే చోట వదిలే సందు) చూడండి. గ్యాప్ లేక వాల్వ్ పూర్తిగా మూసుకోకపోయినా కంప్రెషన్ తక్కువే చూపిస్తుంది.

సెల్ఫ్ మామూలుకంటే తేలిగ్గా, గిర్రున తిరుగుతోంది. మంచిదేనా?

కాదు. వెంటనే ఆపండి. టైమింగ్ బెల్ట్ (వాల్వుల్ని ఇంజన్‌తో పాటు నడిపేది) తెగినప్పుడు అలా వినిపిస్తుంది, కంప్రెషన్ ఉండదు కాబట్టి ఇంజన్‌కి బరువే తెలియదు. కొన్ని ఇంజన్లలో తెగిన బెల్టుతో తిప్పితే పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి. ఆయిల్ పోసే మూత తీసి, క్రాంక్ పుల్లీని స్పానర్‌తో చేత్తో కాస్త మెల్లగా తిప్పి (పట్టుకుంటే ఆపేయండి) లోపల క్యామ్ (వాల్వుల్ని తెరిచే షాఫ్టు) కదులుతోందో లేదో చూస్తే తేలిపోతుంది.

ఏడాదిగా కదలని కారుని ఎలా లేపాలి?

తాళం తిప్పి కాదు. ముందు బ్యాటరీ తీసి చార్జ్‌కి పెట్టండి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరవండి, ఎలుకలు గూడు పెట్టి ఉంటాయి, వైర్లు కూడా కొరికి ఉండొచ్చు. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి, క్రాంక్ పుల్లీ బోల్టుకి స్పానర్ పెట్టి చేత్తో మెల్లగా రెండు చుట్లు తిప్పండి. పట్టుకుంటే బలవంతం చేయొద్దు, ఆయిల్ నానబెట్టి మర్నాడు చూడండి. పాత పెట్రోల్ వంపేయండి, అది బంకగా మారి జెట్లు మూసేస్తుంది, ఇథనాల్ కలిసినదైతే తేమ పీల్చుకుని అడుగున వేరుపడుతుంది కూడా. రబ్బరు ఫ్యూయల్ గొట్టాలు వంచి చూడండి, పగుళ్లు కనిపిస్తే స్టార్ట్ చేయకముందే మార్చండి, వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారితే కారు మిగలదు.

తోసి స్టార్ట్ చేయొచ్చా? వేరే కారు బ్యాటరీ నుంచి?

మాన్యువల్ గేర్ ఉన్న పాత కార్బొరేటర్ కారైతే తోయొచ్చు. ఆటోమేటిక్ అయితే తోసినా ఉపయోగం లేదు. క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్నదైతే తోయకపోవడమే నయం.

జంప్ కేబుల్ వరస: ఎర్రది ముందు చచ్చిన బ్యాటరీ పాజిటివ్‌కి, తర్వాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కి, నల్లది మంచి బ్యాటరీ నెగటివ్‌కి, చివరి కొస చచ్చిన కారు ఇంజన్ మీద శుభ్రమైన లోహానికి, బ్యాటరీకి దూరంగా. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, చివరి కలయికలో రవ్వ లేస్తుంది, ఆ రెండూ ఒకచోట ఉండకూడదు.

నాది డీజిల్. ఇవన్నీ నాకెందుకు?

స్పార్క్ భాగం వదిలేయండి, మిగతాది వర్తిస్తుంది. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు సైలెన్సర్ వైపు చూడండి. తెల్లపొగ వస్తుంటే డీజిల్ వెళుతోంది, కాలట్లేదు: హీటర్ ప్లగ్గులు (స్టార్ట్ చేసేముందు సిలిండర్‌ని వేడిచేసేవి), కంప్రెషన్, లేదా సెల్ఫ్ వేగం చాలట్లేదు. పొగే లేకపోతే డీజిలే వెళ్లట్లేదు: గాలి పట్టింది, ఫిల్టర్ మూసుకుంది, లేదా పంపు మీది స్టాప్ సొలినాయిడ్‌కి (కరెంటు వస్తేనే డీజిల్ వదిలే వాల్వు) కరెంటు రావట్లేదు. తాళం ఆన్ చేస్తే అది టిక్ అనాలి.

ఫిల్టర్ మార్చాక స్టార్ట్ కాకపోతే గాలే. చేతిపంపు గట్టిపడేదాకా కొట్టి, బ్లీడ్ స్క్రూ దగ్గర బుడగలు ఆగేదాకా వదలండి. ఫిల్టర్ అడుగున నీళ్లు కూడా వంపేయండి. ఇంజెక్టర్ల దగ్గర నట్టు వదులు చేసి గాలి తీసే పాత పద్ధతి మెకానికల్ పంపులకే. కామన్ రైల్ ఇంజన్‌లో (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే పైపు నుంచి డీజిల్ పంచే కొత్త పద్ధతి) వెయ్యి బార్ దాటే ఒత్తిడి ఉంటుంది, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, అక్కడ స్పానర్ పెట్టనే వద్దు. హీటర్ ప్లగ్గులున్న డీజిల్‌లో స్టార్టింగ్ స్ప్రే కూడా కొట్టొద్దు, ఎర్రగా కాలిన ప్లగ్ మీద ఆ స్ప్రేలోని ఈథర్ పడి పేలుతుంది.

నావల్ల కాలేదు, మెకానిక్ దగ్గరికి తీసుకెళుతున్నా. ఏం చెప్పాలి?

"కాయిల్ పోయింది, మార్చండి" అని చెప్పకండి, ఆయన మార్చేస్తారు, జబ్బు అలాగే ఉంటుంది. చూసింది చూసినట్టు చెప్పండి: సెల్ఫ్ తిరుగుతోందా, చల్లగా ఉన్నప్పుడా వేడిగా ఉన్నప్పుడా, స్లోలోనా లోడ్ మీదా, స్పార్క్ ఉందా, బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపించింది, ఇది మొదలవడానికి ముందు కారులో ఎవరు ఏం ముట్టుకున్నారు. ఆ చివరిది మరీ ముఖ్యం, సర్వీసు చేయించిన మర్నాడే మొదలైన మిస్సింగ్ చాలాసార్లు సరిగ్గా నొక్కని కనెక్టరో పక్కకు జారిన గొట్టమో అవుతుంది. తీసేసిన పాత సామాన్లు వెనక్కి అడిగి తీసుకోండి, కొత్తది పని చేయకపోతే పాతది మళ్లీ వేసి చూడొచ్చు.